కీబోర్డు వాయిస్తూ రాక్ పాటకు ప్రధాన గాయకులు కావడం ఎలా?

కోనసీమ భజన మందిరాల్లోనో, నరసాపురం వైపు చర్చిల్లోనో, పద్యనాటకాల్లోనో హార్మోనియం పట్టినవారికి కుడిచేయి గొంతు వెంటే నడుస్తుంది, ఎడమచేయి తిత్తి ఆడిస్తుంది. ఆ స్వరజ్ఞానం పెద్ద ఆస్తి. అయితే రాక్ బృందంలో పాడేవారి వేళ్లు కూడా అదే వరుసను పలికిస్తూ ఉంటే గమకానికీ, అరుపుకూ గొంతుకు స్వేచ్ఛ ఉండదు, పాటకు కింద ఆధారమూ దొరకదు. అందుచేత సాధనంతా చేతిని గొంతు నుంచి విడదీయడం మీదే సాగాలి.

ముందుగా కార్డులు (ఒకేసారి కలిపి పలికించే స్వరాల గుత్తులు, ఇంగ్లీషులో chords) మాత్రమే మెట్రోనోమ్‌తో, అంటే సమానంగా తాళం కొట్టే పరికరంతో, నెమ్మదిగా వాయించండి. ఇంట్లోవారు పలకరిస్తే చేయి ఆగకుండా బదులు చెప్పగలిగినప్పుడు, సాహిత్యాన్ని రాగం లేకుండా తాళానికి చదవండి; ఏ అక్షరం ఏ దెబ్బ మీద, ఏది రెండు దెబ్బల మధ్య పడుతున్నదో తేలిన తరువాతే పాడండి. ఇక్కడ తొందరపడినవారికి చరణం మధ్యలో చేయి తప్పక తడబడుతుంది.

పాడుతూ వాయించేవారికి ఆర్గన్ టోన్ ఎంతో అనుకూలం. పియానో స్వరం మీట నొక్కిన క్షణం నుంచీ తగ్గిపోతుంది, ఆర్గన్ స్వరం మాత్రం వేలు తీసేదాకా నిలుస్తుంది. కాబట్టి పాదం పాడుతున్నంతసేపూ ఒక్క కార్డును పట్టి ఉంచి, ఊపిరి తీసుకునే ఖాళీలో చిన్న పలుకు వేయవచ్చు. 1969 వుడ్‌స్టాక్ ఉత్సవంలో శాంటానా బృందానికి హామండ్ ఆర్గన్ వాయిస్తూ పాడిన గ్రెగ్ రోలీని, ఆల్మన్ బ్రదర్స్ బృందపు గ్రెగ్ ఆల్మన్‌ను ఈ దృష్టితో శ్రద్ధగా వినండి.

బృందంలో బేస్ గిటార్ ఉంటే ఎడమచేతిని బాగా తగ్గించాలి, లేకపోతే కింది స్వరాలు కలగాపులగమవుతాయి. డోర్స్ బృందంలో రే మంజరెక్ వేదికపై ఎడమచేత్తో బేస్ వాయించగలిగాడంటే అక్కడ బేస్ గిటార్ లేదు, ప్రధాన గానభారమూ జిమ్ మోరిసన్‌దే.

ఐదు శ్రుతిలో గొంతు బిగుసుకుంటే మొహమాటపడకుండా నాలుగుకు దింపి, గిటార్ వాయించేవారికి వారి భాషలో జి (ఐదు) నుంచి ఎఫ్ (నాలుగు)కు మారామని చెప్పండి. వేళ్లు మార్చకుండానే శ్రుతిని మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ అత్యవసరానికే ఉంచుకోవడం మేలు.

వేదికపై నిలబడి వాయించండి. మీటలు మోచేతి ఎత్తులో ఉండాలి, మైకు పక్కనుంచి వచ్చే బూమ్ స్టాండుపై మెడ వంచే పని లేకుండా నోటికి అందాలి. అంతర్వేది, కాకినాడ వంటి తీరాల్లో గాలికి మైకు హోరెత్తుతుంది కనుక స్పాంజి తొడుగు తప్పనిసరి. మానిటర్‌లో (వేదికపై మీకు వినిపించే స్పీకరులో) మీ గొంతు, డ్రమ్ములు స్పష్టంగా ఉంచి, కీబోర్డును వాటికంటే తగ్గించమని సౌండ్ చూసేవారికి కార్యక్రమానికి ముందే చెప్పండి.