ఇక్సీ చేసినా ఒక్క అండమూ ఫలదీకరణ కాలేదా?

సమస్య: నిన్న అండాలు తీశారు, ఇక్సీ చేశారు, అంటే ఒక్కో అండంలోకి ఒక్కో శుక్రకణాన్ని సూదితో ఎక్కించారు. పొద్దున్నే కూకట్‌పల్లిలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో టెన్షన్‌గా ఫోన్ పట్టుకుని కూర్చున్న జంటకు ల్యాబ్ నుంచి ఒకటే మాట: "ఒక్కటీ ఫర్టిలైజ్ కాలేదండీ." అప్పటిదాకా ధైర్యం చెప్పిన చుట్టాలంతా కోడలి వైపు చూస్తారు. చాలాసార్లు అది అన్యాయం.

ముందుగా రిపోర్టులో ఎం-టూ అండాలు ఎన్నో చూడండి. పక్వమైనవి అవే. అవి లేకపోతే శుక్రకణాన్ని అనుమానించే ముందు మందుల డోసు, ట్రిగ్గర్ ఇంజెక్షన్ (అండాలు తీసే ముందు వాటిని పక్వం చేయడానికి ఇచ్చేది) టైమింగ్ గురించి డాక్టర్ గారిని అడగాలి.

ఎం-టూలు సరిపడా ఉన్నాయా? అయితే అసలు కథ ఇక్కడుంది. పక్వమైన అండం విభజన మధ్యలో ఆగిపోయి ఉంటుంది. దాన్ని కదిలించేది శుక్రకణం తనతో తెచ్చే పీఎల్‌సీ జీటా అనే ప్రొటీన్. కార్డిఫ్ పరిశోధకులు 2002లో దీన్ని బయటపెట్టారు. ఇది అండంలోని ఒక కొవ్వు పదార్థాన్ని విడగొట్టి ఐపీ3 అనే సంకేత అణువును పుట్టిస్తుంది. దాంతో అండం లోపల దాచుకున్న కాల్షియం ఒక్కసారిగా కాదు, గంటల తరబడి అలలు అలలుగా పొంగుతుంది. అప్పుడే విభజనను ఆపి ఉంచిన ఎమి2 ప్రొటీన్ నశించి, రెండో ధ్రువకణం (అండం విభజన ముగించి బయటికి వదిలే చిన్న కణం) బయటికొస్తుంది. 16–18 గంటలకు ఎంబ్రియాలజిస్ట్ మైక్రోస్కోప్‌లో వెతికేది దాన్నీ, రెండు ప్రోన్యూక్లియస్‌లనూ (ఒకటి అండానిది, ఒకటి శుక్రకణానిది అయిన కేంద్రకాలు).

ఈ ప్రొటీన్ లేకుండా సూదితో శుక్రకణాన్ని లోపల పెట్టడమంటే, చుట్టం వచ్చి హాల్లో కూర్చున్నా ఇంట్లోవాళ్లు నిద్ర లేవనట్టే. సెమెన్ రిపోర్టులో కౌంట్ ఒక్కటే చూసి ఊరుకోకండి, మార్ఫాలజీ (శుక్రకణాల ఆకారం) కూడా చదవండి. తలలు గుండ్రంగా ఉండి ఆక్రోజోమ్ (తల మీది టోపీ లాంటి భాగం) లేకపోతే అది గ్లోబోజూస్పెర్మియా. వాటిలో పీఎల్‌సీ జీటా ఉండదు, లేదా బాగా తక్కువ. తల మామూలుగా కనిపించినా ఆ ప్రొటీన్‌ను తయారుచేసే పీఎల్‌సీజెడ్1 జన్యువులో లోపం ఉండొచ్చు.

పరిష్కారం: తర్వాతి సైకిల్లో ఇక్సీ అయ్యాక అండాలను కొన్ని నిమిషాలు కాల్షియం అయనోఫోర్ (అండం లోపల కాల్షియం పెరిగేలా చేసే రసాయనం) ద్రావణంలో ఉంచుతారు. వచ్చేది ఒకే అల అయినా తరచూ అదే సరిపోతుంది. అలాగని ప్రతి జంటా అడగాల్సింది కాదు. ఫలదీకరణ అసలు జరగనప్పుడు, చాలా తక్కువగా జరిగినప్పుడు, లేదా గ్లోబోజూస్పెర్మియాలో మాత్రమే వాడమని సంతాన చికిత్స నిపుణుల యూరప్ సంఘం ఈష్రే 2023లో చెప్పింది.

లోపం అండంలోని వీ2 (WEE2) జన్యువులో ఉంటే అయనోఫోర్ పనిచేయదు, ఎందుకంటే ఆటంకం కాల్షియం తర్వాతి మెట్టులో ఉంది. అప్పుడు దాత అండం గురించి మాట్లాడుకోవాలి. అండాలు ఎక్కువ వస్తే సగం అయనోఫోర్‌తో, సగం లేకుండా చేయమని ముందే అడగండి. లోపం శుక్రకణం వైపుందా, అండం వైపుందా అన్నది ఆ ఒక్క సైకిల్లోనే చాలావరకు తెలుస్తుంది.