పండగ సేల్స్ ముందు ప్రాడ్ డేటాబేస్ దగ్గర జాగ్రత్తలు

2025 జులైలో, ఏఐతో కోడ్ రాయించుకునే రెప్లిట్ అనే సైట్‌లో యాప్ కట్టుకుంటున్న జేసన్ లెమ్కిన్ అనే వ్యాపారి డేటాబేస్‌ను అక్కడి ఏఐ ఏజెంట్ (చెప్పిన పనిని తానే చేసుకుపోయే ప్రోగ్రామ్) తుడిచిపెట్టేసింది. ఏదీ ముట్టుకోవద్దని ఆయన అంతకుముందే గట్టిగా చెప్పి ఉన్నారు. వెయ్యికి పైగా కంపెనీల రికార్డులు పోయాయి. ఇక తిరిగి రావని ఏజెంట్ చెప్పిన మాట కూడా తప్పని తేలింది, రోల్‌బ్యాక్ చేస్తే, అంటే పాత స్థితికి తిప్పితే, వచ్చాయి. చాలామంది ఏఐని తిట్టి వదిలేశారు. నాకు భయం వేసింది వేరే విషయానికి. కోడ్ రాసే చోటే ప్రాడ్ (కస్టమర్లు నిజంగా వాడే) డేటాబేస్ ఉంది, దాన్ని తుడిచే హక్కూ అక్కడే ఉంది. డెవ్ (డెవలపర్లు ప్రయోగాలు చేసుకునే), ప్రాడ్ డేటాబేస్‌లను వేరు చేస్తామని రెప్లిట్ ఆ తర్వాత ప్రకటించింది.

ఏఐ ఏజెంట్లు లేని రోజుల్లోనూ ఇలాంటిదే జరిగింది. 2017 జనవరి 31న కోడ్ దాచుకునే సైట్ గిట్‌ల్యాబ్‌లో ఇంజనీరు ఒకరు రెండో సర్వర్‌లో డేటా ఫోల్డర్ తీసేస్తున్నాననుకుని మెయిన్ సర్వర్‌లో డిలీట్ కమాండ్ కొట్టారు. ఒకటి రెండు సెకన్లలోనే గమనించి ఆపారు, అప్పటికే సుమారు 300 జీబీ పోయింది. బ్యాకప్ వెతికితే, డంప్ (డేటా కాపీ) తీసే ప్రోగ్రామ్ పాత వెర్షన్‌ది కావడంతో ఫెయిలవుతూ వస్తోందని అప్పుడు తెలిసింది. ఆరు గంటల ముందు చేత్తో తీసిన స్నాప్‌షాట్ ఒకటి ఉండబట్టి గట్టెక్కారు. ఆ ఆరు గంటల డేటా మాత్రం పోయినట్టే.

ఇప్పుడు దసరా, దీపావళి సేల్స్ వస్తాయి, వెనకే అమెరికా క్లయింట్ల థ్యాంక్స్‌గివింగ్. కోడ్ ఫ్రీజ్ (కొత్త కోడ్ పెట్టకుండా ఆపడం) పెట్టాక రిలీజ్ చేయడానికి వీల్లేదు కాబట్టి ప్రతి తప్పునూ నేరుగా డేటాలో సరిచేయమని టికెట్లు వస్తాయి. హైదరాబాద్‌లో నైట్ సపోర్ట్ చేసేవాళ్లకు అది అర్ధరాత్రి పని. పాస్‌వర్డ్ బలంగా పెట్టుకోండి, బ్యాకప్ తీయండి లాంటివి మీకు తెలిసినవే, వదిలేస్తున్నాను.

మనుషుల్ని ముంచే తప్పు ఒకటుంది. డీబీవర్, డేటాగ్రిప్, వీఎస్ కోడ్ లాంటి ఎడిటర్లలో డెవ్, క్యూఏ (టెస్టింగ్), ప్రాడ్ కనెక్షన్లు మూడూ ఒకే లిస్టులో వరసగా పెట్టుకుని, ప్రాడ్‌కి రైట్ యాక్సెస్ (డేటా మార్చే హక్కు) ఉన్న యూజర్ పాస్‌వర్డ్ కూడా అక్కడే సేవ్ చేయడం. ప్రాడ్‌ను చెడగొడదామని ఎవరూ కూర్చోరు. డెవ్ అనుకునే కొడతారు. ట్యాబ్‌లు ఒకేలా ఉంటాయి, స్కీమా (టేబుళ్ల అమరిక) ఒకటే, టేబుళ్ల పేర్లు ఒకటే. చూస్తే తేడా తెలియదు. అందుకే చెప్తున్నాను: రైట్ యాక్సెస్ ఉన్న ప్రాడ్ పాస్‌వర్డ్ మీ ఎడిటర్‌లో ఉండకూడదు.

కనెక్షన్ పెట్టేటప్పుడు

డీబీఏని (డేటాబేస్ చూసుకునేవారిని) అడిగి చదవడానికి మాత్రమే హక్కున్న యూజర్ తీసుకోండి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో 14వ వెర్షన్ నుంచి డేటా అంతా చదవడానికి రెడీమేడ్ రోల్ ఒకటి ఉంది, ఇవ్వడానికి వాళ్లకు పెద్ద పని కాదు. రెప్లికా (మెయిన్ సర్వర్‌కి నకలు) ఉంటే మెయిన్ సర్వర్ జోలికే వెళ్లొద్దు. ఎడిటర్‌లో రీడ్ ఓన్లీ టిక్ ఉంటుంది, అదీ పెట్టండి. కానీ ఆ టిక్‌ను తీసేయడానికి ఒక క్లిక్ చాలు. అసలు అడ్డుకట్ట సర్వర్ ఇచ్చే హక్కుల్లోనే ఉంటుంది.

డీబీవర్‌లో కనెక్షన్ టైప్ ప్రొడక్షన్ అని పెడితే విండోకి ఎర్ర రంగు వస్తుంది. డేటాగ్రిప్‌లో రంగు మీరే ఎంచుకోవచ్చు. మంచిదే, కానీ రంగును మాత్రమే నమ్ముకోకండి. రాత్రి రెండు గంటలకు కళ్లు ఎరుపుకి కూడా అలవాటు పడిపోతాయి.

లోకల్‌హోస్ట్ అని కనిపిస్తే మన మెషీనే అనుకోవద్దు. దీని గురించి ఎవరూ పెద్దగా చెప్పరు గానీ చాలా ప్రమాదం. బాస్టియన్ సర్వర్ (లోపలి సర్వర్లకు కాపలా ద్వారం) మీదుగా ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్ (భద్రమైన దారి) తెరిచి లోకల్ పోర్ట్ 5432ను ప్రాడ్‌కి కలిపితే, టన్నెల్ తెరిచి ఉన్నంతసేపూ మీ లోకల్‌హోస్టే ప్రాడ్. యూజర్ పేరు, పాస్‌వర్డ్ కూడా రెండు చోట్లా ఒకటే అయితే లోకల్ డేటాబేస్ అనుకుని కనెక్ట్ అయిన ప్రతిదీ అక్కడికే వెళ్తుంది, మీరు నడిపే టెస్టులతో సహా. స్ప్రింగ్ బూట్ (జావా) ప్రాజెక్టులో, టేబుళ్లను తానే కట్టే హైబర్నేట్ సెట్టింగ్ డీడీఎల్ ఆటో విలువ క్రియేట్ డ్రాప్ అని ఉంటే, యాప్ స్టార్ట్ అవగానే ఆ టేబుళ్లను తీసేసి మళ్లీ ఖాళీవి కడుతుంది. ప్రాడ్ టన్నెల్‌కి 15432 లాంటి వేరే పోర్ట్ పెట్టండి. పని కాగానే టన్నెల్ మూసేయండి.

రన్ కొట్టేటప్పుడు

చాలా ఎడిటర్లు సెలెక్ట్ చేసిన ముక్కనే రన్ చేస్తాయి. డిలీట్ ఉన్న లైన్ వరకూ మౌస్ లాగి, కింద లైన్‌లో ఏ రికార్డులో చెప్పే వేర్ (WHERE) ఉందని మరిచిపోతే టేబుల్ మొత్తం పోతుంది. డీబీవర్‌లో ఖాళీ లైన్‌ను వాక్యం ముగింపుగా తీసుకునే సెట్టింగ్ ఒకటుంది. చదవడానికి వీలుగా ఉంటుందని అప్‌డేట్‌కీ వేర్‌కీ మధ్య ఒక లైన్ వదిలితే అదే గతి పట్టొచ్చు. వేర్ లేదని కొన్ని టూల్స్ హెచ్చరిస్తాయి, మైఎస్‌క్యూఎల్ వర్క్‌బెంచ్ సేఫ్ అప్‌డేట్స్ మోడ్‌లో ఎర్రర్ 1175 ఇచ్చి ఆపుతుంది. అది అడ్డంగా ఉందని ఆపేసుకున్నవాళ్లుంటే ఈరోజే మళ్లీ ఆన్ చేయండి.

మైఎస్‌క్యూఎల్‌లో ఆటో కమిట్ (ప్రతి మార్పునూ వెంటనే ఖాయం చేయడం) డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది. ప్రాడ్ కనెక్షన్‌కి మాన్యువల్ పెట్టండి. అలా పెట్టినా మైఎస్‌క్యూఎల్, ఒరాకిల్‌లో ట్రంకేట్ (టేబుల్ ఖాళీ చేయడం), డ్రాప్ (టేబులే తీసేయడం) కొడితే వెంటనే కమిట్ అయిపోతాయి, రోల్‌బ్యాక్ పనిచేయదు. పోస్ట్‌గ్రెస్‌లో ట్రాన్సాక్షన్ లోపల (బిగిన్‌కీ కమిట్‌కీ మధ్య) ఉంటే వెనక్కి తిప్పొచ్చు. ఒకదాంట్లో అలవాటైన ధైర్యం ఇంకొకదాంట్లో చూపించొద్దు.

ముందు అదే వేర్‌తో సెలెక్ట్ కౌంట్ కొట్టండి. టికెట్‌లో చెప్పిన సంఖ్య అదేనా? తర్వాత బిగిన్, అప్‌డేట్, ఎన్ని రికార్డులు మారాయో చూసి సరిపోతేనే కమిట్. ఒక్క రికార్డు తేడా ఉన్నా రోల్‌బ్యాక్. 

బిగిన్ కొట్టి టీకి లేచిపోవద్దు. తెరిచి ఉన్న ట్రాన్సాక్షన్ లాక్‌లు పట్టుకుని కూర్చుంటుంది, వెనక ఆర్డర్లు ఆగిపోతాయి.

సేల్ నడుస్తుండగా ఆల్టర్ టేబుల్ (టేబుల్ నిర్మాణం మార్చడం) వద్దు.

ఫలితాల గ్రిడ్‌లో సెల్ మీద డబుల్ క్లిక్ చేసి విలువ మార్చొద్దు. ఎప్పటికీ వద్దు.

పెద్ద టేబుల్ మీద లిమిట్ లేని సెలెక్ట్ వద్దు. స్టేట్‌మెంట్ టైమౌట్ (క్వెరీ ఎంతసేపు నడవొచ్చో హద్దు) పెట్టుకోండి.

ఏఐ అసిస్టెంట్‌కి డెవ్ కనెక్షన్ తప్ప ఇంకేదీ ఇవ్వొద్దు. "ఏదీ ముట్టుకోవద్దు" అని ప్రాంప్ట్‌లో రాయడం హక్కు తీసేయడంతో సమానం కాదు.

పాస్‌వర్డ్ ఉన్న ఫైల్ పొరపాటున గిట్‌లోకి (కోడ్ చరిత్ర దాచే టూల్‌లోకి) వెళ్తే ఫైల్ తీసేస్తే చాలదు, హిస్టరీలో ఉంటుంది. పాస్‌వర్డే మార్చండి.

రైట్ యాక్సెస్ కావాలంటే ఆ టికెట్ కోసం, ఆ గంట కోసం తీసుకోండి. పక్కన ఇంకొకరు చూస్తుండగా రన్ చేయండి. అయ్యాక యాక్సెస్ తీసేయమనండి. సేవ్ చేయొద్దు. ప్రాడ్ రైట్ పాస్‌వర్డ్ ఎడిటర్‌లో సేవ్ చేయొద్దు. ఇప్పుడు మీ లిస్టులో ఉంటే ఇది చదవడం ఆపి డిలీట్ చేసి రండి.

ఒకవేళ తప్పు జరిగిపోతే, ఇంకో క్వెరీతో సరిచేద్దామని చూడకండి. కమిట్ కాకపోతే వెంటనే రోల్‌బ్యాక్. అయిపోతే చేతులు తీసేసి డీబీఏకి ఫోన్ చేయండి, మేనేజర్ ఏమంటారో తర్వాత చూసుకోవచ్చు. ఏ సర్వర్, ఏ క్వెరీ, ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు అన్నది రాసి పంపండి. పాత స్థితికి రికవరీ చేయాలంటే వాళ్లు మొదట అడిగేది ఆ టైమే, టైమ్ జోన్‌తో సహా.