కౌన్సెలింగ్ రోజుల్లో కళాశాల వ్యాసం మీద చేయి వేసే ముందు: వికీపీడియా వాడుకరులకు కొన్ని జాగ్రత్తలు

ఈప్‌సెట్ ఫలితాలు వెలువడి కౌన్సెలింగ్ మొదలయ్యే వారాల్లో వికీపీడియాలోని ఇంజనీరింగ్ కళాశాలల వ్యాసాలకు తాకిడి పెరుగుతుంది. సీటు వెతుక్కునే పిల్లలూ తల్లిదండ్రులూ చదవడానికి వస్తారు. వారు చదువుతారని తెలిసినవారు, అంటే కళాశాల తరఫువారు, పూర్వ విద్యార్థులు, పోటీ కళాశాలలవారు, రాయడానికి వస్తారు. ఈ మధ్యనే ఒక ప్రైవేటు కళాశాల వ్యాసంలో ర్యాగింగ్ గురించిన పేరాను ఉంచాలా తీసివేయాలా అన్న వాదన సాయంత్రం మొదలై, తెల్లవారేసరికి ఒకరి మార్పును మరొకరు రద్దు చేస్తూ పోయే దిద్దుబాటు యుద్ధంగా ముదిరి, చివరకు ఒక వరుసన ఖాతాల నిరోధానికి, అంటే ఇక రాయకుండా ఆపివేయడానికి, దారితీసింది. నిరోధానికి గురైనవారిలో ఒకరు ఎంతో కాలంగా తెలుగు వికీపీడియాలో గ్రామాల వ్యాసాలను ఓపికగా సరిచేస్తూ వచ్చిన విద్యార్థి. విషయానికి వస్తే, పేరా తీసివేయాలన్న అతని వైపే న్యాయం ఉంది, ఎందుకంటే ఆ పేరాకు ఆధారంగా చూపినది ఒక యూట్యూబ్ వీడియో మాత్రమే. అతను చేసిన తప్పు ఒక్కటే. "మన కాలేజీ పేజీ పాడు చేస్తున్నారు, అందరూ వెళ్ళి అన్‌డూ కొట్టండి" అని తన బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు.

మూలం లేనిదే రాయవద్దు, కళాశాల వెబ్‌సైటు నుంచి ఎత్తి రాయవద్దు, దూషించవద్దు అన్నవి అందరికీ తెలిసినవే కనుక వాటిని ఇక్కడ వల్లె వేయడం లేదు. మంచి వాడుకరులను నేను చూస్తుండగా దెబ్బతీసిన తప్పు మన వాళ్ళను పిలుచుకురావడం, దాని గురించే ఎక్కువగా చెప్పవలసి ఉంది.

గ్రూపులో పెట్టవద్దు

వికీపీడియా చర్చలో చేతులు లెక్కపెట్టరు, వాదననూ దాని వెనుక ఉన్న మూలాన్నీ తూకం వేస్తారు. ఒక్కరు బలమైన మూలంతో చెప్పిన మాట, ఇరవైమంది వచ్చి "నేనూ అంగీకరిస్తున్నాను" అన్నదానికంటే నిలుస్తుంది. కాబట్టి పదిమందిని తెచ్చినందువల్ల కలిగే లాభం ఏమీ లేదు, నష్టం మాత్రం వెంటనే కలుగుతుంది. ఎవరు ఎప్పుడు ఏమి మార్చారో చూపే చరిత్ర పేజీని తెరిచి చూసే నిర్వాహకులకు, అంటే ఖాతాలను నిరోధించే అధికారం ఉన్న వాడుకరులకు, ఏమి కనబడుతుందో ఊహించండి: అంతకుముందు ఒక్క దిద్దుబాటైనా చేయని ఖాతాలు, అన్నీ ఆ రాత్రే పుట్టినవి, ప్రతి ఖాతా మొదటి పనీ ఒకే వ్యాసంలో ఒకే పేరాను రద్దు చేయడం. ఇవన్నీ ఒకే మనిషి నడుపుతున్న దొంగ ఖాతాలన్న అనుమానం రావడం సహజం. చెక్‌యూజర్ హక్కు ఉన్నవారు, అంటే ఏ ఖాతా ఏ ఐపీ చిరునామా నుంచి రాసిందో చూడగలవారు, సాంకేతిక వివరాలు పరిశీలిస్తారు. ఆ వివరాలు దాదాపు మూడు నెలలపాటు నిల్వ ఉంటాయి. హాస్టల్ వైఫై నుంచి రాసిన మిత్రులంతా ఒకే చిరునామా నుంచి వచ్చినట్టు కనబడతారు. మేము వేరువేరు మనుషులమని నిరూపించుకున్నా గట్టెక్కడం కష్టం, ఎందుకంటే ఒకరు పిలిస్తే వచ్చి ఆ ఒకరి పనే చేసిపెట్టేవారిని కూడా నియమాలు ఒకే వ్యక్తి కింద లెక్క కట్టనిస్తాయి.

ఇంతకంటే బాధ కలిగించేది ఆ తర్వాత జరుగుతుంది. గొడవ ఆపడానికి నిర్వాహకులు పేజీకి తాళం వేసినప్పుడు, ఏది ఒప్పో తేల్చి వేయరు, సాధారణంగా ఆ క్షణంలో ఏ కూర్పు ఉంటే దాని మీదే వేస్తారు. నేను చెప్పిన వ్యాసంలో సరిగ్గా అదే జరిగి, ఆధారం లేని ఆ పేరా కౌన్సెలింగ్ జరిగినన్నాళ్ళూ అక్కడే ఉండిపోయింది. దాన్ని తీయించగల సత్తా, అనుభవం ఉన్న ఒక్క వాడుకరీ నిరోధంలో ఉన్నాడు. కాపాడబోయి మొదటికే మోసం తెచ్చుకోవడమంటే ఇదే. అందుకే మళ్ళీ చెబుతున్నాను, గ్రూపులో పెట్టవద్దు.

మీ సంబంధాన్ని దాచవద్దు

పూర్వ విద్యార్థి తన కళాశాల వ్యాసంలో రాయకూడదన్న నిషేధం లేదు, కానీ వివాదం తలెత్తగానే ఆ సంగతి చర్చ పేజీలో (వ్యాసం గురించి వాడుకరులు మాట్లాడుకునే పేజీలో) మీరే ముందు చెప్పాలి. కళాశాల నుంచి జీతమో పారితోషికమో తీసుకుంటూ ఆ పనిలో భాగంగా రాసేవారి విషయం ఇంకా కఠినం. 2014 జూన్ నుంచి వికీమీడియా వాడుక నిబంధనల ప్రకారం, ఎవరి తరఫున రాస్తున్నారో వెల్లడించి తీరాలి. ప్రిన్సిపాల్ చెబితే వ్యాసం "అప్‌డేట్" చేసే అధ్యాపకుడికీ ఇది వర్తిస్తుంది.

దాచిపెట్టి నెట్టుకురావచ్చు అనుకునేవారు ఐఐపీఎం అనే ప్రైవేటు మేనేజ్‌మెంట్ విద్యాసంస్థ ఉదంతం చదవాలి. తన డిగ్రీల గుర్తింపు విషయంలో యూజీసీతోనూ ఏఐసీటీఈతోనూ ఏళ్ళ తరబడి వివాదంలో ఉన్న ఆ సంస్థ, ఎంబీఏ, బీబీఏ, బిజినెస్ స్కూల్ వంటి మాటలు వాడకూడదని ఢిల్లీ హైకోర్టు 2014 సెప్టెంబరులో ఆదేశించింది. ఇంగ్లీషు వికీపీడియాలో ఆ సంస్థ వ్యాసాన్ని ఏళ్ళపాటు దానికి అనుకూలంగా మలచిన ఒక ఖాతా నిర్వాహక హోదా వరకు ఎదిగింది. 2015 ఫిబ్రవరిలో, అక్కడ వాడుకరుల వివాదాలను తేల్చే మధ్యవర్తిత్వ సంఘం ఆ హోదాను తొలగించి ఖాతాను నిషేధించింది. ఆలోగా ఆ వ్యాసాన్ని చదివి డబ్బు కట్టిన కుటుంబాలు ఉండి ఉంటే వారి నష్టాన్ని పూడ్చేవారు లేరు. కళాశాల వ్యాసంలోని ఒక వాక్యం ఎంత బరువైనదో ఇక్కడే తెలుస్తుంది.

తగాదా ఎక్కడ పుడుతుందో ముందే తెలుసుకోండి

స్థాపన సంవత్సరం దగ్గర మొదటి పేచీ వస్తుంది. కాకినాడ జేఎన్‌టీయూ సంగతి చూడండి. అది 1946లో విశాఖపట్నం ఇంజనీరింగ్ కళాశాల పేరుతో మొదలైంది, 1972లో జేఎన్‌టీయూలో భాగమైంది, 2008లో స్వతంత్ర విశ్వవిద్యాలయమైంది. మూడు సంవత్సరాలూ నిజమే అయినప్పుడు ఒకదాన్ని తీసి మరొకదాన్ని పెడుతూ ఒకరినొకరు రద్దు చేసుకోవడం కంటే, ఏ ఏడు ఏమి జరిగిందో మూడు వాక్యాల్లో రాస్తే తగాదాకు చోటు ఉండదు.

పేరు రెండోది. సుప్రీంకోర్టు తీర్పు వెంట 2017 నవంబరులో యూజీసీ, డీమ్డ్ హోదా ఉన్న (విశ్వవిద్యాలయంతో సమానంగా గుర్తింపు పొందిన) సంస్థలు తమ పేరులో యూనివర్సిటీ అన్న మాట వాడవద్దని ఆదేశించింది. పాత బోర్డు ఫోటో చూపించి వాదించవద్దు. అటానమస్ అన్న హోదా వచ్చినంత మాత్రాన అనుబంధ విశ్వవిద్యాలయం పేరు తీసివేయవద్దు, పట్టా ఇచ్చేది ఇప్పటికీ ఆ విశ్వవిద్యాలయమే. కళాశాల నాణ్యతను మదింపు చేసే న్యాక్ ఇచ్చిన గ్రేడుకు గడువు ఉంటుంది, సాధారణంగా అయిదేళ్ళు, కనుక ఇచ్చిన సంవత్సరం లేకుండా గ్రేడు రాయవద్దు. 2016 నుంచి ఏటా వస్తున్న ఎన్‌ఐఆర్‌ఎఫ్ (కేంద్ర ప్రభుత్వం విద్యాసంస్థలకు ఇచ్చే) ర్యాంకులకూ ఇదే వర్తిస్తుంది. ఒకే ర్యాంకు కాకుండా ర్యాంకుల శ్రేణి (బ్యాండ్) మాత్రమే ఇచ్చినచోట దాన్ని ర్యాంకుగా మార్చవద్దు.

ఇక మిగిలినవి వరుసగా చెబుతాను, అన్నిటికీ కారణాలు చెప్పడం లేదు.

- ఇంగ్లీషు వికీపీడియాలో 24 గంటల్లో ఒకే పేజీలో మూడుకు మించి రద్దు చేస్తే నిరోధం పడుతుంది. మూడు రద్దులు మీ హక్కు అని దానర్థం కాదు, రెండింటికే నిరోధం పడినవారు ఉన్నారు.
- ఒకసారి రద్దు చేశాక, రెండోసారి చేసే ముందే చర్చ పేజీకి వెళ్ళండి.
- కోపంగా ఉన్నప్పుడు దిద్దుబాటు సారాంశం (ఏమి ఎందుకు మార్చారో చెప్పే చిన్న వాక్యం) రాయవద్దు. భద్రపరచిన తర్వాత దాన్ని మీరు మార్చలేరు.
- అవతలి వాడుకరి ఎవరో మీకు తెలిసినా, అతని అసలు పేరు, బ్రాంచి, ఊరు బయటపెట్టవద్దు.
- కోర్టుకు వెళ్తామని బెదిరించవద్దు. ఆ మాట వెనక్కి తీసుకునేవరకు నిరోధం తొలగదు.
- ప్రమాదంలోనో ఆత్మహత్యతోనో చనిపోయిన విద్యార్థి పేరు పత్రికలో వచ్చినా వ్యాసంలో రాయవద్దు. ఆ ఇంట్లోవారూ చదువుతారు.
- ప్రముఖ పూర్వ విద్యార్థుల జాబితాలో మీ మిత్రుడిని చేర్చవద్దు.
- ఇంగ్లీషు వికీపీడియాలో నెగ్గని వాదనను తెలుగు వ్యాసంలోకి మోసుకురావద్దు. ఇక్కడ చురుకుగా పనిచేసేవారు కొద్దిమందే, వారి సమయాన్ని ఈ తగాదాలకు ఖర్చు చేయించవద్దు.
- సాయం కావాలంటే తెలుగు వికీపీడియా ఉమ్మడి చర్చా వేదిక అయిన రచ్చబండలో అడగండి. ఇంగ్లీషులోనైతే, వివాదంతో సంబంధం లేని మూడో వ్యక్తి అభిప్రాయం (Third opinion) కోరండి. ఎవరి పక్షమూ తీసుకోని మాటలతో, అందరికీ కనబడే చోట అడగడం తప్పు కాదు.
- గ్రూపులో పెట్టవద్దు. లింకు పెట్టవద్దు, స్క్రీన్‌షాట్ పెట్టవద్దు, "ఊరికే చూడండి" అని కూడా పెట్టవద్దు.
- ఇప్పటికే పెట్టి ఉంటే వెంటనే తీసివేసి, ఆ సంగతి చర్చ పేజీలో మీరే చెప్పండి. ఎవరో బయటపెట్టేదాకా ఆగవద్దు.
- వేరొకరు పెట్టిన పిలుపు మీకు కనబడితే ఆ వ్యాసం వైపు వెళ్ళవద్దు.
- నిరోధం పడితే కొత్త ఖాతా తెరవవద్దు. నిరోధం మనిషికి పడుతుంది, ఖాతాకు కాదు. రెండో ఖాతా దొరికిన రోజున మొదటిది తిరిగి వచ్చే ఆశ కూడా సన్నగిల్లుతుంది.
- నిరోధం మీద విన్నపాన్ని మీ వాడుకరి చర్చ పేజీలోనే రాయండి. అందులో అవతలివారి తప్పులు ఏకరువు పెట్టవద్దు. మీరు ఏమి చేశారో, ఇకమీదట ఏమి చేయరో అంతవరకే రాయండి.
- పేజీకి తాళం పడిన తర్వాత తప్పు కనబడితే, ఏ వాక్యాన్ని తీసి ఏ వాక్యం పెట్టాలో యథాతథంగా, మూలంతో సహా చర్చ పేజీలో రాసి సవరణకు అభ్యర్థన పెట్టండి. "వ్యాసం మొత్తం పక్షపాతంగా ఉంది" అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. అసలు వాక్యం, మార్చిన వాక్యం, పత్రిక పేరు, తేదీ ఉంటే నిర్వాహకులు సరిచూసి మార్చగలుగుతారు.