పిల్లల కంటికి ప్యాచ్ వేసే ముందు చూసుకోవాల్సినవి

• ముందు ఏ కంటికో ఖాయం చేసుకోండి. లేజీ ఐకి (ఒక కంటి చూపు సరిగా ఎదగక బలహీనంగా ఉండిపోవడం) మూయాల్సింది బాగా కనిపించే కన్నునే. అప్పుడే మెదడు బలహీనమైన కంటిని వాడుకోవడం మొదలుపెడుతుంది. ఇంట్లో ఎవరు వేసినా తారుమారు కాకుండా ప్యాచ్‌ల డబ్బా మీద "కుడి" లేదా "ఎడమ" అని రాసిపెట్టండి.

• కళ్లద్దాలు ఇచ్చి ఉంటే మానకూడదు. ప్యాచ్ నేరుగా చర్మానికి అంటించి, దానిపైన అద్దాలు పెట్టాలి. అద్దాలకు తొడిగే గుడ్డ ప్యాచ్ అయితే ముక్కు పక్క సందులోంచి తొంగిచూస్తారు, మహా గడుసువాళ్లు! తల ఒక పక్కకు తిప్పి చూస్తుంటే అనుమానించాల్సిందే.

• ఎన్ని గంటలన్నది డాక్టరే చెప్పాలి. సమస్య ఓ మోస్తరుగా ఉంటే తరచుగా రోజుకు 2 గంటలు, తీవ్రంగా ఉంటే 6 గంటలు అంటారు. త్వరగా తగ్గాలని మనమే పెంచేస్తే బాగున్న కంటి చూపు మందగించవచ్చు. చెకప్‌లు తప్పించకూడదనేది ఇందుకే.

• చర్మం పొడిగా ఉండాలి. తీసేటప్పుడు లాగేయకుండా, అంచులు తడిపి మెల్లగా తీయండి. దద్దుర్లు వస్తే డాక్టర్‌కు చూపించండి.

• మెట్లు, రోడ్డు దగ్గర పక్కన పెద్దవాళ్లుండాలి. సైకిల్ వద్దు.

• స్కూల్లో వేయాలంటే టీచర్‌కు ముందే చెప్పండి.

• మొదట్లో పీకేయడం, ఏడవడం మామూలే. మసక చూపుతో ఉండమంటే ఎవరికైనా చిరాకే కదా. టెన్షన్ పడకుండా రంగులు వేయించండి, పజిల్ ఇవ్వండి. అసలు ఒప్పుకోకపోతే ప్యాచ్‌కు బదులు అట్రోపిన్ చుక్కలు (బాగున్న కంటి చూపును తాత్కాలికంగా మసకబార్చే మందు) కుదురుతాయేమో డాక్టర్‌ను అడగండి.

• చూపు మెరుగైందని సొంతంగా ఆపేయకండి, మళ్లీ తగ్గిపోవచ్చు.