సర్వర్ స్లోనా, దారి స్లోనా? (3వ పాఠం)

పోయిన పాఠంలో పింగ్ కొట్టి (అంటే అవతలి యంత్రానికి చిన్న సందేశం పంపి), జవాబు రావడానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో చదవడం నేర్చుకున్నాం. ఆ ఆలస్యం ఎక్కడ పుడుతోందో ఈసారి పట్టుకుందాం.

అనంతపురం సుభాష్ రోడ్డులో ఒక బట్టల షాపు అనుకోండి. బిల్లింగ్ సర్వర్ హైదరాబాద్‌లో ఉంది. పొద్దున బిల్లు చకచకా వస్తుంది. సాయంత్రం ఏడుకు బటన్ నొక్కితే చక్రం తిరుగుతూనే ఉంటుంది. "ఏమప్పా, ఇంగా కాలేదా?" అని కౌంటర్ ముందు గొణుగుడు. అందరూ తిట్టేది సర్వర్‌నే.

తిట్టేముందు రెండు కమాండ్ విండోలు తెరవండి. ఒకదాంట్లో మీ రౌటర్‌కి (చాలాచోట్ల 192.168.1.1), ఇంకోదాంట్లో 8.8.8.8కి (ఇది షాపు బయట, నెట్‌లో ఉన్న గూగుల్ సర్వర్) పింగ్ కొట్టండి. విండోస్‌లో చివర 'మైనస్ టి' (-t) తగిలిస్తే మీరు ఆపేదాకా ఆగదు. ఇది రద్దీ వేళలోనే చేయాలి. మధ్యాహ్నం షాపు ఖాళీగా ఉన్నప్పుడు చేసిన టెస్టు ఎందుకూ కొరగాదు.

రౌటర్ జవాబు కేబుల్ మీద 1 మిల్లీసెకను అటూ ఇటూ, వైఫై మీద కొద్దిగా ఎక్కువ ఉండాలి. అదే పదుల్లో, వందల్లో ఎగురుతుంటే తప్పు షాపు లోపలే. కేబుల్ పెడితే కుదుటపడిందా? అయితే వైఫై గోల. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిమీద ఒకటి పడని ఛానళ్లు 1, 6, 11. పక్క షాపులు దేనిమీద ఉన్నాయో చూసి వేరేది పెట్టుకోండి.

రౌటర్ బాగుండి, 8.8.8.8 మాత్రం 30 మిల్లీసెకన్ల నుంచి 600కి పోయిందనుకోండి. నా లెక్కలో సగం కేసులు ఇవే. ఎవరో అప్‌లోడ్ మొత్తం తినేస్తున్నారు: సీసీ కెమెరాల వీడియో క్లౌడ్‌కి పోతుంటుంది, లేదా సేల్స్ కుర్రాడి ఫోన్ ఫొటోలన్నీ బ్యాకప్ చేస్తుంటుంది. రౌటర్ ఆ ప్యాకెట్లను (డేటా ముక్కలను) పారేయకుండా క్యూలో పేర్చుకుంటూ పోతుంది. మీ బిల్లు ప్యాకెట్ చిన్నదే, కానీ ముందున్న వీడియో కదిలేదాకా దాని వంతు రాదు. దీన్నే బఫర్‌బ్లోట్ అంటారు. రౌటర్ ఆపి ఆన్ చేస్తే కాసేపు బాగుండేది కూడా ఇందుకే. అప్‌లోడ్ తెగుతుంది, మళ్లీ మొదలవుతుంది, మళ్లీ అదే టెన్షన్.

డౌన్‌లోడ్ ప్లాన్ పెంచి డబ్బు తగలేయకండి. రౌటర్ సెట్టింగుల్లో క్యూఓఎస్ (ఏ ప్యాకెట్ ముందు పోవాలో చూసుకునే ఏర్పాటు) ఆన్ చేసి, అప్‌లోడ్ పరిమితిని మీకు నిజంగా వచ్చే వేగంలో 90 శాతం దగ్గర పెట్టండి. క్యూ అదుపులోకి వస్తుంది.

ఈ వారం పని: పింగ్ నడుస్తుండగానే కెమెరాల డీవీఆర్ (వీడియో రికార్డు చేసే పెట్టె) నెట్ కేబుల్ ఒక్క నిమిషం పీకి, అంకె ఎంతకి దిగిందో రాసిపెట్టుకోండి. రెండు పింగులూ బాగుండి బిల్లు ఒక్కటే నత్తనడక నడుస్తుంటే, వచ్చే పాఠంలో ట్రేసర్ట్ (ప్యాకెట్ పోయే దారి చూపే కమాండ్), డీఎన్‌ఎస్ (సైటు పేరుకి అడ్రసు వెతికిపెట్టేది) చూద్దాం.