లాప్‌టాప్ రిపేరు నేర్చుకుందాం – 3: చల్లగా ఉన్నా నత్తనడకే ఎందుకు?

రెండో పాఠంలో ఫ్యాను దుమ్ము దులిపాం, ఎండిపోయిన థర్మల్ పేస్టు మార్చాం. చాలా లాప్‌టాప్‌లు దానితోనే దారికొస్తాయి. కొన్ని మాత్రం రావు. అడుగున చెయ్యి పెడితే చల్లగా ఉంటుంది, ఫ్యాను చప్పుడు వినపడదు, కానీ బ్రౌజర్ తెరుచుకోవడానికే నిమిషం పడుతుంది. ఇలాంటివాటికి షాపుల్లో ఎక్కువగా చెప్పే మందు ‘విండోస్ మళ్లీ వేద్దాం’. వేసినా మారదు. చివరికి ‘పాతబడిపోయింది, కొత్తది కొనుక్కోండి’ అంటారు. బాగా పనిచేసే మెషీన్లు ఎన్నో ఇలా మూలన పడుతున్నాయి. అందుకే ఈ ఒక్క లోపానికి పాఠం మొత్తం కేటాయిస్తున్నాను.

ముందు కొలవాలి. ఉదాహరణకి ఇంటెల్ కోర్ ఐ5-8250యూ తీసుకుందాం. 2017లో వచ్చిన ఈ ప్రాసెసర్ ఇప్పటికీ చాలామంది ఇళ్లలో ఉంది. దీని బేస్ స్పీడు (నిలకడగా ఇచ్చే వేగం) 1.6 గిగాహెర్ట్జ్, టర్బోలో (కాసేపు పెంచుకునే వేగంలో) 3.4 వరకు వెళ్తుంది. మీది వేరే మోడల్ అయితే దాని అంకెలు కంపెనీ సైట్‌లో చూసి రాసుకోండి.

ఛార్జర్ పెట్టి, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్, తర్వాత సీపీయూ. కింద ‘స్పీడ్’ అనే అంకె కనిపిస్తుంది. పనేమీ లేనప్పుడు అది తక్కువగా ఉంటే కంగారు పడొద్దు, కరెంటు ఆదా కోసం ప్రాసెసరే తగ్గించుకుంటుంది. పని పెట్టి చూడాలి. సెవెన్-జిప్ అనే ఉచిత ప్రోగ్రాంలో టూల్స్ మెనూ కింద బెంచ్‌మార్క్ ఉంటుంది. దాన్ని మూడు నాలుగు నిమిషాలు నడపండి. పక్కనే హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో అనే మరో ఉచిత ప్రోగ్రాం తెరిచి ఉష్ణోగ్రత కూడా గమనించండి.

మొదట 3 దాటి పరుగెత్తి, అర నిమిషానికి కాస్త తగ్గి, బేస్ స్పీడు దగ్గరో దానికి పైనో నిలబడితే అది రోగం కాదు. ఈ ప్రాసెసర్‌కి కంపెనీ పెట్టిన కరెంటు కోటా 15 వాట్లు. టర్బోలో కాసేపు ఎక్కువ వాడుకోనిచ్చి, తర్వాత ఆ కోటాకి దింపుతుంది. ఉష్ణోగ్రత 100 డిగ్రీల దగ్గరికి చేరాక స్పీడు ఎక్కుతూ దిగుతూ ఉంటే అది వేడి సమస్య, రెండో పాఠానికి వెనక్కి వెళ్లండి. అలా కాకుండా ఎంత పని పెట్టినా స్పీడు 0.39 దగ్గరో (కొన్ని వేరే మోడళ్లలో 0.79 దగ్గరో) కదలకుండా ఉండి, ఉష్ణోగ్రత 45 కూడా దాటకపోతే, మనం వెతుకుతున్నది అదే.

ఆ అంకె ఊరికే రాలేదు. ప్రాసెసర్‌కి అందే మూల క్లాక్ సుమారు 100 మెగాహెర్ట్జ్. దాన్ని ఎన్నో రెట్లు చేసుకుని పరుగెత్తుతుంది. ఈ మోడల్ దిగగలిగిన అతి తక్కువ మెట్టు నాలుగు రెట్లు, అంటే 400 మెగాహెర్ట్జ్. అక్కడే కూర్చుండిపోయిందంటే ఎవరో గట్టిగా ‘ఆగు’ అంటున్నారన్నమాట.

ఆ మాట చేరవేసే తీగ పేరు ప్రోక్‌హాట్. ఒకే బెల్లుకి ఇంట్లో ఒక స్విచ్, గేటు దగ్గర ఒక స్విచ్ ఉన్నట్టు దీన్ని రెండు వైపుల నుంచీ మోగించవచ్చు. ప్రాసెసర్ తాను వేడెక్కితే మోగిస్తుంది. మదర్‌బోర్డు కూడా మోగించవచ్చు, దాన్నే బీడీ ప్రోక్‌హాట్ అంటారు. కరెంటు సరఫరా భాగాలు వేడెక్కినా, అడాప్టర్‌ని గుర్తుపట్టలేకపోయినా, బ్యాటరీ బలహీనపడినా, చివరికి ఒక సెన్సర్ పాడైనా బోర్డు ఈ పని చేయొచ్చు. ప్రాసెసర్ కారణం అడగదు, తగ్గిపోతుంది.

నేనైతే మొదట అనుమానించేది అడాప్టర్‌నే. బెంచ్‌మార్క్ నడుస్తుండగా ఛార్జర్ తీసేయండి. స్పీడు ఒక్కసారిగా లేచిందంటే లోపం అడాప్టర్‌లోనో, వైరులోనో, లాప్‌టాప్‌కి ఉన్న జాక్‌లోనో ఉంది. డెల్, హెచ్‌పీ గుండ్రటి ప్లగ్గుల మధ్యలో సన్నటి పిన్ను చూశారా? కరెంటు వచ్చేది దాని గుండా కాదు. ‘నేను ఇన్ని వాట్ల అడాప్టర్‌ని’ అని లాప్‌టాప్‌కి చెప్పేది అది. ఆ పిన్ను వంగినా, లోపలి వైరు తెగినా లైటు వెలుగుతుంది, లాప్‌టాప్ నడుస్తుంది, కానీ స్పీడు పడిపోతుంది. చాలాసార్లు బ్యాటరీ ఛార్జింగ్ కూడా ఆగిపోతుంది. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లోనో మీ ఊరి షాపులోనో డూప్లికేట్ కొనేటప్పుడు వోల్టులు, వాట్లు చూసి ఊరుకోకండి. అక్కడే పెట్టి చూసి, బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల తెరలో) అడాప్టర్ వివరం కనిపించే మోడల్ అయితే అది సరిగ్గా చూపిస్తోందో లేదో చూశాకే డబ్బులివ్వండి. 65 వాట్లు అడిగే మెషీన్‌కి టైప్-సీ ఫోన్ ఛార్జర్ పెట్టినా ఇదే తంతు.

ఛార్జర్ తీసినా స్పీడు లేవకపోతే పూర్తిగా షట్‌డౌన్ చేసి, ఛార్జర్ లేకుండానే పవర్ బటన్ అర నిమిషం నొక్కి ఉంచండి. బోర్డు మీది చిన్న కంట్రోలర్ మొండికేసి ఉంటే చాలా మోడళ్లలో దీనితో సర్దుకుంటుంది. తర్వాత బయోస్ అప్‌డేట్ ఉందేమో చూడండి. బ్యాటరీ ఉబ్బినట్టుంటే, టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టుంటే, ప్రయోగాలన్నీ అక్కడితో ఆపి దాన్ని తీయించేయండి. ఇందులో బేరం లేదు.

విండోస్ తన చిట్టా రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్, సిస్టమ్ కింద ‘కెర్నల్-ప్రాసెసర్-పవర్’ పేరుతో 37 నంబరు హెచ్చరిక ఉందేమో కూడా చూడండి. ఫర్మ్‌వేర్ (బోర్డులోనే ఉండే బయోస్ లాంటి ప్రోగ్రాం) ప్రాసెసర్ స్పీడుని కట్టడి చేస్తోందని విండోస్ రాసిపెట్టుకున్న మాట అది. దాని తేదీ చూస్తే సమస్య ఎప్పుడు మొదలైందో, ఆ రోజు ఏం మార్చారో గుర్తొస్తుంది.

ఇక థ్రాటిల్‌స్టాప్ అనే ఉచిత ప్రోగ్రాం. ఇందులో ‘బీడీ ప్రోక్‌హాట్’ ఎదురుగా ఉన్న టిక్ తీసేస్తే బోర్డు మాట ప్రాసెసర్ వినడం మానేస్తుంది. స్పీడు వెంటనే లేస్తే మన అనుమానం రుజువైనట్టే. తన వేడి నుంచి తనను కాపాడుకునే ఏర్పాటు ప్రాసెసర్‌కి అప్పుడూ ఉంటుంది. కానీ కరెంటు సరఫరా భాగాలకి, బ్యాటరీకి ఉన్న కాపలా పోతుంది. నెట్‌లో వీడియోలు దీన్నే పరిష్కారంగా చూపిస్తున్నాయి. నేను ఒప్పుకోను. పరీక్ష కోసం ఐదు నిమిషాలు తీయండి, మళ్లీ పెట్టేయండి. సెన్సరే పాడైందని మెకానిక్ బోర్డు చూసి తేల్చాక అలా వదిలేయడం వేరే సంగతి.

వచ్చే పాఠానికి ముందు చేయాల్సిన పని: ఛార్జర్‌తో ఒకసారి, ఛార్జర్ లేకుండా ఒకసారి బెంచ్‌మార్క్ నడిపి, ప్రతి అర నిమిషానికీ స్పీడు, ఉష్ణోగ్రత నోట్‌బుక్‌లో రాయండి. అడాప్టర్ వెనకున్న వాట్లు కూడా రాయండి. నాలుగో పాఠంలో ఆ అంకెలతోనే విండోస్ పవర్ సెట్టింగుల్లోకి వెళ్తాం.