1,23,45,678 కారణాంకాలు, భాజకాలు చేత్తో కనుక్కోవడం ఎలా?

పెద్ద సంఖ్య ఇచ్చి, దానికి భాజకాలెన్ని, వాటి మొత్తం ఎంత అని అడిగితే భాజకాలను ఒక్కొక్కటీ వెతుకుతూ కూర్చోవద్దు. ముందు ప్రధాన కారణాంకాలు తీయండి. మిగతాదంతా నాలుగు గుణకారాల పని.

చివరి అంకె 8, కాబట్టి 2తో పోతుంది. చివరి రెండంకెలు 78, 4తో పోదు. అంటే 2 ఒక్కటే. అంకెల మొత్తం 36, కాబట్టి 9తోనూ పోతుంది. 18తో భాగిస్తే 6,85,871 వస్తుంది. దీని అంకెల మొత్తం 35, ఇక 3 లేదు. అంకెల మొత్తం సూత్రం 3కీ 9కీ మాత్రమే. 27కి వాడితే దెబ్బతింటారు.

5 ఎలాగూ కాదు. 7, 11, 13లకు మూడు భాగహారాలు అక్కర్లేదు. 7 × 11 × 13 = 1001 కదా, కుడి నుంచి మూడేసి అంకెలు విడదీసి తీసివేయండి: 871 − 685 = 186. ఈ మూడింటిలో దేనితోనూ 186 పోదు, కాబట్టి అసలు సంఖ్యా పోదు. మన కామాలు లక్షల లెక్కన పడతాయి. వాటిని చూసి విడదీస్తే తప్పొస్తుంది.

ఇక 17 నుంచి వరసగా భాగించుకుంటూ పోవడమే. 37 దగ్గర శేషం 2 మిగిలి ఊరిస్తుంది. 47తో తెగుతుంది: 6,85,871 = 47 × 14,593.

ఎక్కువమంది సమయం పోగొట్టుకునేది ఇక్కడే. మొదటి సంఖ్య వర్గమూలం 3,513 దాకా వెళ్లాలనుకుంటారు. మిగిలిన 14,593 వర్గమూలం 120 చిల్లర, అక్కడిదాకా చాలు. 47 కంటే చిన్నవి మళ్లీ చూడక్కర్లేదు, కానీ 47ను మళ్లీ చూడాలి, అది రెండోసారీ ఉండొచ్చు. 47 నుంచి 113 వరకు ఉన్న 16 ప్రధాన సంఖ్యల్లో దేనితోనూ పోదు. కాబట్టి 14,593 ప్రధాన సంఖ్యే.

1,23,45,678 = 2 × 3² × 47 × 14,593

గుణకారాన్ని 11తో భాగిస్తే వచ్చే శేషాలతో సరిచూడండి. 47కి శేషం 3, 14,593కి 7; 3 × 7 = 21, శేషం 10. 6,85,871కీ 10 వస్తుంది. పక్కపక్క అంకెలు తారుమారైతే 9తో భాగించిన శేషం పట్టుకోలేదు, 11తో భాగించినది పట్టుకుంటుంది.

భాజకాల సంఖ్యకు ప్రతి ఘాతాంకానికీ 1 కలిపి గుణించాలి: 2 × 3 × 2 × 2 = 24.

భాజకాల మొత్తం: (1+2)(1+3+9)(1+47)(1+14,593) = 3 × 13 × 48 × 14,594 = 2,73,19,968. రెండో కుండలీకరణంలో మధ్యనున్న 3ను వదిలేయడం తరచూ జరిగే పొరపాటు. ఇందులోంచి సంఖ్యను తీసేస్తే 1,49,74,290. అంటే తనను మినహాయించిన భాజకాల మొత్తం తనకంటే ఎక్కువ.

ఈ సంఖ్యకంటే చిన్నవై, దీనితో 1 తప్ప ఉమ్మడి భాజకం లేనివి ఎన్ని? దీన్నే ఆయిలర్ ఫై అంటారు. ఒక్కసారే వచ్చిన 2, 47, 14,593లలో ఒక్కోదాన్నుంచి 1 తీసేసి గుణించాలి: 1 × 6 × 46 × 14,592 = 40,27,392. 3²కి 9 − 3 = 6 రాయాలి; 9 − 1 = 8 కాదు, 2 × 2 = 4 అసలే కాదు.